వీసా వచ్చింది. ముందుగా రికార్డు రూము బాబాయ్ గారికి నమస్కారం

అందరికీ నమస్కారం. అమెరికా వీసా స్టాంపు పడిన పాస్‌పోర్టు నిన్న సాయంత్రం చేతికొచ్చింది. ఐఆర్1, అంటే అక్కడ శాశ్వతంగా ఉండటానికిచ్చే వీసా. రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్న లేస్తే ఒళ్లంతా ఎవరో చితకబాదినట్టుంది. ఫోన్లు చేసినవాళ్లందరికీ విడివిడిగా జవాబు చెప్పే ఓపిక లేక ఇక్కడే రాసేస్తున్నాను. వరస తప్పినా, ఎవరినైనా మరిచిపోయినా ఏమీ అనుకోకండి.

మా ఆయనకి, అత్తయ్య మామయ్యలకి, అమ్మానాన్నలకి, తమ్ముడికి థాంక్స్ చెప్పడం నాకే ఎబ్బెట్టుగా ఉంది. వాళ్లు కాకపోతే ఇంకెవరు చేస్తారు?

నేను చెప్పుకోవాల్సింది నాకు ఏమీ కాని ఒక పెద్దాయన గురించి. మా ఊరి మునిసిపల్ ఆఫీసు రికార్డు రూములో ఔట్‌సోర్సింగ్ మీద పనిచేస్తారు. పేరు రాస్తే ఆయన ఉద్యోగానికి ఏం తిప్పలొస్తాయోనని రాయడం లేదు. ఆ ఆఫీసుకి ఎప్పుడైనా వెళ్లినవాళ్లు ఇట్టే గుర్తుపడతారు.

ఆయన దాకా రావాలంటే ముందు ఇన్నేళ్లూ అందరూ నన్ను అడిగిన ప్రశ్న ఒకటుంది. "ఫలానా వాళ్లమ్మాయి పెళ్లయిన నెలల్లోనే వెళ్లిపోయింది, నీకేంటమ్మా ఇంకా?" పెళ్లిళ్లలో, పేరంటాల్లో, చివరికి కూరగాయల బండి దగ్గర కూడా. నవ్వి ఊరుకునేదాన్ని. ఇప్పుడు పని అయిపోయింది కాబట్టి తీరిగ్గా చెప్తాను.

ఆ ఫలానా అమ్మాయి వెళ్లింది హెచ్4 మీద. భర్తది హెచ్1, ఉద్యోగం మీద వెళ్లేవాళ్లది; వాళ్ల భార్యలకిచ్చేది హెచ్4. అది కొన్నాళ్లు ఉండటానికిచ్చే వీసా. ఇంటర్వ్యూ స్లాటు దొరికితే పని త్వరగానే అవుతుంది. మా పెద్దమ్మ మనవరాలి భర్త అక్కడి సిటిజన్. సిటిజన్ భార్యకి ఏడాదికిన్ని వీసాలని లెక్క ఉండదు. భార్య కోసం భర్త వేసే ఐ-130 అర్జీ చూసి పాస్ చెయ్యడానికి పట్టే టైము, తర్వాత కాగితాలు, ఇంటర్వ్యూ, అంతే. అదీ తక్కువేం కాదు గానీ మధ్యలో కోటా క్యూ అంటూ లేదు. మా ఆయనది అప్పట్లో గ్రీన్‌కార్డు. కంపెనీ బదిలీ మీద ఇచ్చే ఎల్1 వీసాతో వెళ్లి, మా పెళ్లికి ముందే తెచ్చుకున్నారు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ల భార్యలూ భర్తలూ, 21 ఏళ్లలోపు పిల్లలూ ఎఫ్2ఎ అనే వరసలో నిలబడాలి. చట్టం ఆ వరసకిచ్చిన కోటా ఏడాదికి 87,934. ప్రపంచం మొత్తానికీ కలిపి.

అంటే చూడండి, మనిషి ఎల్1లో ఉన్నప్పుడే పెళ్లి చేసుకుంటే భార్య, ఎల్1 వాళ్ల భార్యలకిచ్చే ఎల్2 మీద వెంటనే వెళ్లిపోవచ్చు. కష్టపడి గ్రీన్‌కార్డు తెచ్చుకుని, ఇక స్థిరపడ్డాం అనుకుని పెళ్లి చేసుకుంటే ఏళ్లు ఆగాలి. పోనీ చూసొస్తానని విజిటర్ వీసా అడుగుదామా అంటే, అక్కడ ఉండిపోవడానికి ఫైలు వేసి ఉన్న మనిషిని చూసి రావడానికే వెళ్తున్నానంటే ఎవరు నమ్ముతారు? ఈ చట్టం రాసినవాళ్ల ఇళ్లలో పెళ్లిళ్లు జరగవేమో అనిపించేది నాకు.

మా ఐ-130 2022లో వేశాం. అప్పుడు, ఎవరి వరస ఎక్కడిదాకా వచ్చిందో అమెరికా ప్రభుత్వం ప్రతి నెలా చెప్పే వీసా బులెటిన్‌లో ఎఫ్2ఎ పక్కన 'సి' అని ఉండేది, కరెంట్ అని. 2019 జూలై నుంచీ అలాగే ఉంది. క్యూ లేదు, ఐ-130 పాసైతే చాలు అనుకున్నాం. 2023 ఏప్రిల్ బులెటిన్ వచ్చేసరికి ఆ 'సి' పోయి 2020 సెప్టెంబర్ 8 అని తేదీ పడింది. అంటే అంతకు ముందు ఫైలు వేసినవాళ్లకే వీసా. ఎక్కడానికి ఒక కాలు పైన పెట్టాక బస్సు కదిలిపోయినట్టయింది. ఆ తర్వాత ప్రతి నెలా ఆ బులెటిన్ కోసం ఎదురుచూడటమే పని. ఒక నెల నాలుగు వారాలు జరిగేది, ఒక నెల కదిలేదే కాదు. "పీడీ ఎంత? మీదెంత?" (పీడీ అంటే ఫైలు వేసిన తేదీ) అని ముక్కూమొహం తెలియనివాళ్లతో మాట్లాడుకునేదాన్ని. చుట్టాల కంటే వాళ్లే దగ్గరనిపించేవాళ్లు.

చివరికి నన్ను ఆ వరసలోంచి బయటపడేసింది బులెటిన్ కాదు. మా ఆయన గ్రీన్‌కార్డుకి ఐదేళ్లు నిండుతూనే అక్కడి సిటిజన్ కావడానికి ఎన్-400 వేశారు. ప్రమాణం అయ్యాక ఆ సర్టిఫికెట్ కాపీ పంపితే నా ఫైలు ఎఫ్2ఎ నుంచి సిటిజన్ భార్య కేటగిరీకి మారింది. పెళ్లయి రెండేళ్లు దాటింది కాబట్టి రెండేళ్ల కార్డిచ్చే సీఆర్1 కాకుండా ఐఆర్1, నేరుగా పదేళ్ల కార్డు. (మాకింకా పిల్లల్లేరు కాబట్టి ఒక గొడవ తప్పింది. ఎఫ్2ఎలో తల్లి ఫైలుతో పాటే పిల్లలూ వస్తారు. తండ్రి సిటిజన్ అయి ఫైలు మారితే ఒక్కొక్కరికీ వేరే ఐ-130 వెయ్యాలి. ఈ సంగతి తెలియక పిల్లాడి ఫైలు వెనకబడిపోయిన ఒకావిడ నాకు తెలుసు. మీ లాయర్‌ని ముందే అడగండి.)

ఫైలు ఎన్‌వీసీకి చేరింది. పోర్ట్స్‌మత్ అనే ఊళ్లో ఉండే అమెరికా ప్రభుత్వ నేషనల్ వీసా సెంటర్ అది. అక్కడ ఫీజులు కట్టి, వీసా దరఖాస్తు డీఎస్-260 నింపి, మా ఆయన ఆదాయం చూపించే హామీపత్రం ఐ-864 పెట్టి, నా కాగితాలు ఒక్కొక్కటీ అప్‌లోడ్ చెయ్యాలి. అన్నీ సరిపోతే 'డీక్యూ' అంటారు. డీక్యూ అయితేనే ఇంటర్వ్యూ వరసలోకి. ఒకే రోజు ఫైలు వేసిన ఇద్దరిలో ఒకరు ముందు, ఒకరు వెనక అయ్యేది చాలావరకు ఇక్కడే. ఒక్క కాగితం తిరిగొస్తే సరిచేసి పంపి మళ్లీ చూసేదాకా కూర్చోవాలి.

నాకు ఆగింది జనన ధ్రువీకరణ పత్రం దగ్గర.

1993లో మా ఊరి ప్రభుత్వాసుపత్రిలో పుట్టాను. పదో తరగతి సర్టిఫికెట్‌తోనే ఇన్నాళ్లూ అన్నీ గడిచాయి. ఇప్పుడు బర్త్ సర్టిఫికెట్ కావాలంటే మునిసిపల్ ఆఫీసు కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్ చూసి "ఆన్‌లైన్‌లో లేదు" అంది. పాత రిజిస్టరు చూడండమ్మా అంటే "ఆన్‌లైన్‌లో లేదంటే లేనట్టే" అంది. మళ్లీ వెళ్తే సార్ లేరు. ఇంకోసారి సర్వర్ డౌన్. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీకి డబ్బు కట్టి ఉన్నాం కదా, వాళ్లనడిగితే "నాన్ అవైలబిలిటీ రాయించి రెండు అఫిడవిట్లు పెట్టండి మేడమ్, నడిచిపోతుంది" అని తేల్చేశారు. నిజంగా రికార్డు లేనివాళ్లకి ఆ దారి ఉంది, తప్పు లేదు. కానీ ఆసుపత్రిలో పుట్టినదాన్ని, రిజిస్టర్లు ఆ గోడ అవతలే ఉన్నాయి, లేదని ఎలా రాయించుకోను? ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెప్పను?

ఆరోజు వరండాలో బెంచీ మీద కూర్చుని మా ఆయనతో ఫోన్లో గట్టిగానే గొడవపడ్డాను. అక్కడ అర్ధరాత్రి. ఆయన మాత్రం ఏం చేస్తారు పాపం. ఫోన్ పెట్టేశాక పక్కనుంచి "ఏ సంవత్సరం అమ్మా?" అని వినబడింది. ఖాకీ చొక్కా, భుజాన తువ్వాలు, చేతిలో క్యారియర్. 93 అని చెప్పాను. "నెల?" చెప్పాను. "అన్నం తినేసి వద్దామనుకున్నాలే. రా."

లోపల ట్యూబ్‌లైట్ ఒక్కటే వెలుగుతోంది. బీరువాల మీద రిజిస్టర్లు గుడ్డల్లో మూటలు కట్టి ఉన్నాయి. స్టూలెక్కి ఒక మూట దించి, తువ్వాలుతో దుమ్ము దులిపి బల్ల మీద పరిచారు. కాగితాలు గోధుమరంగుకి తిరిగి అంచులు పొడి రాలుతున్నాయి. వేలు తడి చేసుకుని తిప్పే మనిషి కాదు. కాగితం కిందకి పోస్టుకార్డు ముక్క దూర్చి, పైకి లేపి, రెండు చేతులా తిప్పుతారు. నేను పుట్టిన నెలంతా చూశారు. లేదు. నా గుండె జారిపోయింది. ఆయన మాత్రం "ఆసుపత్రి వాళ్లు చీటీలు పోగేసి ఒక్కసారే పంపేవాళ్లమ్మా ఆ రోజుల్లో. కిందటి నెల పుట్టినవాళ్లు తర్వాతి నెల్లో ఎక్కుతారు" అని ముందుకెళ్లారు. ఆ తర్వాత ఇంకో నెల. క్యారియర్ కిటికీలో అలాగే ఉంది. నాలుగవుతోంది. తినిరండి బాబాయ్ గారూ అంటే వినిపించుకోలేదు.

దొరికింది. మా నాన్న ఇంటిపేరులో ఒక అక్షరం తేడా, అందుకే కంప్యూటర్లోకి ఎక్కించినవాళ్లు ఎక్కడో ఏదోలా ఎక్కించి ఉంటారు. వరస నంబరు, ఆడ శిశువు, అమ్మ పేరు, ఆసుపత్రి పేరు. పేరు గడిలో మాత్రం వేరే సిరా, వేరే చేతిరాత. నీలం కాదు, ఆకుపచ్చ. "ఎవరో తర్వాత వచ్చి పేరు రాయించారు. చూడు, పక్కన సంతకం కూడా పెట్టారు" అన్నారు. అది మా తాతయ్య సంతకం. ఆయన పోయి చాలా ఏళ్లయింది. బారసాల అయ్యాక మనవరాలి పేరు రాయించడానికి ఆ ఎండలో ఆ ఆఫీసుకి ఆయన నడిచి వచ్చారన్న సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నేను అక్కడే కూలబడి ఏడ్చాను. ఇన్నేళ్లలో బులెటిన్ చూసి ఏడవలేదు, వీడియో కాల్‌లో పండగలు చేసుకుంటున్నప్పుడు ఏడవలేదు. బాబాయ్ గారు ఏమీ అనకుండా ఫ్యాను నా వైపు తిప్పారు.

తర్వాత ఆయనే ఆ పేజీ పట్టుకుని సార్ గదిలోకి వెళ్లి, ఇంటిపేరు సరిచెయ్యడానికి ఏం అర్జీ పెట్టాలో, ఏం జతచెయ్యాలో కనుక్కుని నాతో రాయించారు. సర్టిఫికెట్ వచ్చినరోజు ఆయన చేతిలో కొంత డబ్బు పెట్టబోయాను. చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "వద్దమ్మా. పని అయ్యాక ఒక్క ఫోన్ చెయ్యి. ఇక్కణ్ణించి కాగితం పట్టుకెళ్లినవాళ్లు పనయిందో లేదో ఎవరూ చెప్పరు."

ముంబై వెళ్లాం. మనవాళ్లకి ఇమ్మిగ్రెంట్ వీసా ఇంటర్వ్యూ అక్కడే, బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌లో. హైదరాబాద్‌లో నానక్‌రామ్‌గూడ కాన్సులేట్ ఉన్నా ఈ వీసాకి పనికిరాదు. మెడికల్, వేలిముద్రలు, తర్వాత ఇంటర్వ్యూ. లోపల మామూలు ప్రశ్నలే. భర్త ఏం చేస్తారు, ఎప్పుడు కలిశారు, పెళ్లికి ఎవరెవరు వచ్చారు. బర్త్ సర్టిఫికెట్ ఒరిజినల్ అడిగి, అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టారు. అప్రూవ్డ్ అన్నారు. ఫోన్లు లోపలికి రానివ్వరు కదా, బయటికొచ్చి తమ్ముడి దగ్గర ఫోన్ తీసుకుని మా ఆయనకి చెప్పాను. రెండో ఫోన్ బాబాయ్ గారికే, అమ్మకంటే ముందు. (అమ్మ ఇది చదివి అలుగుతుంది.) నా పేరు చెప్తే ఆయనకి గుర్తు రాలేదు. తడబడుతుంటే "ఏ సంవత్సరం రిజిస్టరమ్మా?" అన్నారు. తొంభైమూడు, ఆకుపచ్చ సిరా అన్నాను. "ఆఁ, తాతగారి సంతకం! అయిపోయిందా? క్షేమంగా వెళ్లిరా తల్లీ." ఫుట్‌పాత్ మీద వచ్చేపోయే వాళ్లంతా చూస్తుండగా మళ్లీ ఏడుపు.

ఆయనకి మూణ్నెల్లుగా జీతం రాలేదట. ఇది ఆయన చెప్పలేదు, పక్క సెక్షన్‌లో ఒకావిడ చెప్పింది. నా దగ్గర ఫైలుకింత అని వసూలు చేసిన కన్సల్టెన్సీ వాళ్లకి మాత్రం ప్రతినెలా వస్తుంది. ఆయన లేకపోతే ఆ మూటలు విప్పేదెవరు? ఆ కాగితాలన్నీ స్కాన్ చేసి పెట్టడానికి ఎవరికీ తీరిక లేదు. పొడి రాలిపోయాక "ఆన్‌లైన్‌లో లేదంటే లేనట్టే" అన్నమాట నిజమే అయిపోతుంది. ఇక్కడ కౌన్సిలర్లూ, ఆఫీసర్లూ ఎవరైనా ఇది చదువుతుంటే ఆయన జీతం సంగతి చూడండి. నా గురించి పొగడక్కర్లేదు.

అయ్యో, చాలామంది మిగిలిపోయారు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మ్యారేజ్ సర్టిఫికెట్ మీద స్పెల్లింగ్ తప్పు పడితే ఆరోజే సరిచేసి ఇచ్చిన మేడమ్ గారికి థాంక్స్. పోలీస్ క్లియరెన్స్ (పీసీసీ) కోసం వెళ్తే టోకెన్ అయిపోయిందన్నా కూర్చోబెట్టిన పాస్‌పోర్ట్ సేవా కేంద్రం అబ్బాయికి. పీడీల లెక్కలు రాత్రిళ్లు నాకు చెప్పిన డాలస్ అక్కకి, ఇంతవరకూ ఆవిడ మొహం చూడలేదు. ముంబైలో మాకు గది ఇచ్చి పొద్దున్నే ఉప్మా చేసి పెట్టిన తమ్ముడి రూమ్మేట్ అమ్మగారికి.

ఇంకొకళ్లు. ఫొటో స్టూడియో శీనన్న. రెండించీల ఫొటో తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో తీసి, చెవులు కనబడాలని మళ్లీ తీసి, రెండోదానికి డబ్బు తీసుకోలేదు. ఇంకా మా పై వాటా ఆంటీ, ఎందుకో ఆవిడకే తెలుసు.

జిరాక్స్ షాపు అబ్బాయి కూడా! చిల్లర లేదని ఆరోజు ముప్పై రూపాయలు బాకీ పెట్టి వచ్చాను. రేపు పొద్దున్నే తెచ్చిస్తాను తమ్ముడూ, షాపు తీసే ఉంచు.