సంఘ పదవుల పోటీలో అజరయ్య గారు గుర్తున్నారా?

సంపాదకులకు నమస్కారం.

డయాసిస్ (ఒక బిషప్ కింద ఉండే చర్చిల ప్రాంతం) ఎన్నికలు దగ్గరపడే కొద్దీ చర్చి ప్రహరీల మీద వెలిసే ఫ్లెక్సీలకూ, మున్సిపల్ ఎన్నికల ఫ్లెక్సీలకూ తేడా కనిపెట్టడం కష్టమవుతోంది. పాస్టరేట్ (ఒక పాస్టరు చూసుకునే సంఘాలు) కమిటీ సభ్యత్వం మొదలుకొని బిషప్ పీఠం వరకు ప్రతి పదవి చుట్టూ వర్గాలు, విందులు, ఓడినవారు వేసే కోర్టు వ్యాజ్యాలు మామూలైపోయాయి. ఇక అభ్యర్థుల పేర్లకు ముందు చేర్చే బిరుదులైతే చదివి ముగించేసరికి ఆరాధనకు గంట కొట్టేస్తారు.

పదవిని ఆశించడమే పాపమని నేను అనడం లేదు. శిష్యులైన యాకోబు, యోహానులు తమను కుడి ఎడమల కూర్చోబెట్టుకోమని అడిగినప్పుడు ప్రభువు వారిని వెళ్లగొట్టలేదు. తాను తాగబోయే శ్రమల గిన్నెలోనిది వారు తాగగలరా అని మాత్రం అడిగారు. మిగతా పదిమంది శిష్యులకు కోపం వచ్చిందని మార్కు సువార్త చెబుతోంది. ఆ కోపంలో తామే ముందుగా అడగలేకపోయామన్న బాధ కూడా ఉండి ఉంటుందని నా అనుమానం.

ప్రభువు అడిగిన ఆ ప్రశ్నకు బతుకుతో జవాబు చెప్పిన మనిషి మన నేల మీదే పనిచేశారు. తిరునల్వేలి ప్రాంతంలో పుట్టిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు వైఎంసీఏ (క్రైస్తవ యువజన సంఘం) కార్యదర్శిగా దక్షిణాది అంతటా పేరు తెచ్చుకున్నారు. 1903లో తిరునల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీని నెలకొల్పడంలో ముందు నిలిచారు. ఆ సొసైటీ తన పనికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్. అక్కడికి ఎవరినో పంపి ఊరుకోకుండా, 1909లో చర్చి గురువుగా (పాస్టరుగా) అభిషేకం పొంది, తనది కాని తెలుగు భాష నేర్చుకుని, కుటుంబంతో సహా ఆయనే వచ్చేశారు. సంఘంలో అత్యధికులు మాల, మాదిగ కూలీ కుటుంబాలవారు. వారి పల్లెలకు ఎద్దుబండి మీద తిరిగారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆంగ్లికన్ సంఘపు తొలి భారతీయ బిషప్‌గా అభిషేకం పొందాక కూడా ఆ తిరుగుడు ఆగలేదు; 1945 జనవరి 1న కన్నుమూసింది డోర్నకల్‌లోనే.

ఆయన వినయం తలవంచుకుని నోరు మూసుకునే రకం కాదు. 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో, తెల్లదొరల ఎదుటే, మీ త్యాగాలు సరే, మాకు స్నేహితులు కావాలని నిర్మొహమాటంగా చెప్పారు. తన కోసం ఏమీ అడగనివారికే అంత ధైర్యం సాధ్యమని నాకు అనిపిస్తుంది. నేడు ఓట్ల లెక్క చూసుకునే పెద్దలు తమ వర్గంవాడి తప్పును తప్పు అనలేకపోవడం చూస్తూనే ఉన్నాం.

ఇంకొక మాట. మన పల్లె సంఘాల్లో అన్నం వండే ముందు తల్లులు దేవుని పేరిట పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టేవారు. కొన్ని ఇళ్లలో ఆ అలవాటు నేటికీ ఉంది. కూలి దొరకని రోజున ఆ పిడికెడు ఎంత బరువో చెప్పనక్కరలేదు. సంఘపు సొమ్ములో అలాంటి కానుకలున్నాయన్న ఎరుక ఉన్నవారెవరైనా సన్మాన సభకు శాలువాలు, గజమాలలు కొనమని కమిటీ చేత తీర్మానం చేయించుకోగలరా?

కాబట్టి డయాసిస్ పెద్దలకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. అభ్యర్థి పల్లె పాస్టరేట్లలో ఎన్నేళ్లు గడిపారో నామినేషన్ పత్రంలోనే రాయించాలి. ప్రచారానికి అయిన ఖర్చును, అది ఎవరిచ్చారో చెబుతూ, ఆరాధన ముగిశాక సంఘం ముందు చదివించాలి. చర్చి ఆవరణలో వ్యక్తుల ఫ్లెక్సీలను పూర్తిగా నిషేధించాలి. ఓడిపోతే మరుసటి ఆదివారం అదే సంఘంలో సండే స్కూలు పిల్లలకు పాఠం చెప్పడానికి మీరు సిద్ధమేనా అని ఓటర్లు ప్రతి అభ్యర్థినీ ముఖాముఖి అడిగినా తప్పులేదు.

ఇట్లు,
ఒక సంఘ సభ్యుడు,
ఖమ్మం