కారణం కాగితం మీద రాయమనండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ లేఖల పేజీలో ఒక పాఠకుడు ఒక వాదన చేశారు. గే అని తెలిసిన మనిషిని పనిలో ఉంచుకోవాలా వద్దా అన్నది యజమాని మత విశ్వాసానికి సంబంధించిన విషయమట, రాజ్యాంగం 25వ అధికరణం ఆ స్వేచ్ఛ ఇచ్చిందట. ఆ అధికరణాన్ని ఆయన మధ్యలోంచి చదివినట్టున్నారు. అది హక్కుతో మొదలు కాదు, షరతుతో మొదలవుతుంది. ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యం, ప్రాథమిక హక్కుల భాగంలోని మిగతా నిబంధనలు, వీటన్నిటికీ లోబడి అంటుంది. ఆ తర్వాత కూడా అంతఃకరణ స్వేచ్ఛ అందరికీ సమానమంటుంది. జీతం ఇచ్చేవారికి ఎంత ఉందో, తీసుకునేవారికీ అంతే ఉంది. గుడిలో అర్చకుడెవరు, చర్చిలో పాస్టరెవరు, మసీదులో ఇమామెవరు అన్నది ఆయా మత శాఖల సొంత వ్యవహారమని వాదించడానికి 26వ అధికరణంలో కొంత చోటుంది. లెక్కల మాస్టారికి, ల్యాబ్ టెక్నీషియన్‌కి, బిల్లింగ్ కౌంటర్లో కూర్చునే కుర్రాడికి ఆ వాదన అతకదు.

ఈ వాదన నిజంగా కోర్టు దాకా వస్తే కార్మిక కేసులు చూసే న్యాయవాదులుగా మాకు సంతోషమే. రాదు. కాలేజీ కానీ, నర్సింగ్ హోం కానీ, బట్టల షాపు కానీ, మా మతం ఒప్పుకోదు కాబట్టి నిన్ను తీసేస్తున్నాం అని ఏ మేనేజ్‌మెంటూ లెటర్‌హెడ్ మీద రాయదు. ఇది ఏ ఒక్క మతం వారి సంగతీ కాదు.

జరిగే తీరు దాదాపు ఒకటే. సాయంత్రం డ్యూటీ దిగే వేళకు ఆఫీసు గదిలోకి పిలుస్తారు. ఫోన్ బయట పెట్టి రమ్మంటారు. బల్ల మీద ఒక తెల్ల కాగితం, ఒక్కోసారి ముందే టైపు చేసి ఉంటుంది. "నా వ్యక్తిగత కారణాల వల్ల" అని మొదలై, కింద సంతకానికి చోటు, తేదీ దగ్గర ఖాళీ. "మా ఇంట్ల నియమాలు, నిష్ఠలు ఉంటయి తమ్మీ. నలుగురికి తెలిస్తే నీ ఇజ్జతే పోతది. సంతకం పెట్టి మంచిగ పో" అంటారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు చేరిన రోజే తీసుకుని బీరువాలో పెట్టుకున్నారు కాబట్టి, అవి చేతికి రావాలంటే సంతకం పడాలి. ఐదు నిమిషాల్లో పని అయిపోతుంది. మతం మాట ఆ గదిలోనే ఉండిపోతుంది. బయటికి వచ్చేది రాజీనామా ఒక్కటే.

ఆ కాగితం మీద సంతకం పడితే కేసు బరువంతా పనిచేసినవాడి నెత్తికి మారుతుంది. తీసివేత అయితే కారణం చూపాల్సింది యజమాని. రాజీనామా అయితే అది బలవంతంగా రాయించుకున్నదని రుజువు చేయాల్సింది రాసినవాడు. గదిలో ఉన్న నలుగురిలో ముగ్గురు మేనేజ్‌మెంట్ మనుషులే అయినప్పుడు సాక్ష్యం చెప్పేదెవరు?

కాగితం ఉన్న చోట ఏం జరిగిందో రెండు కేసులు చాలు. 2010లో అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం మరాఠీ ఆచార్యుడు రామచంద్ర సిరాస్‌ను సస్పెండ్ చేసింది. ఉత్తర్వు రాతపూర్వకంగా ఉంది కాబట్టి అలహాబాద్ హైకోర్టు దాన్ని ఏప్రిల్ 1న ఆపగలిగింది. (ఆ తర్వాత వారం తిరక్కుండానే ఆయన తన అద్దె ఇంట్లో చనిపోయి కనిపించారు.) రెండోది ఉత్తరప్రదేశ్‌లో ఒక హోంగార్డు కేసు. ఒక వీడియో బయటికి వచ్చిందని అతన్ని తొలగించారు. కోర్టులో వేసిన కౌంటర్ అఫిడవిట్లో, అంటే రాతపూర్వక జవాబులో, అధికారులే అతని లైంగికతను అనుచిత ప్రవర్తనగా రాసుకున్నారు. స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్ మీద 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన తీర్పుకు ఇది విరుద్ధమని చెప్పి, 2021లో అదే హైకోర్టు తొలగింపును కొట్టేసింది. ఆ ఒక్క వాక్యం వాళ్లు రాయకుండా ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

అందుకని మొట్టమొదటి పని సంతకం పెట్టకపోవడం. "ఆలోచించుకుని రేపు చెప్తా సార్" అని లేచి రావడానికి ఏ చట్టమూ అడ్డు రాదు. వాదనకు దిగొద్దు, తన గురించి ఏదీ ఒప్పుకోవద్దు, కాదనీ చెప్పొద్దు. "తీసేయదలిస్తే కారణం రాసి ఉత్తర్వు ఇవ్వండి" అని ఒక్క మాట. బయటికి రాగానే, ఆ రాత్రి లోపలే, ఈ రోజు ఫలానా టైముకు ఫలానా గదిలో రాజీనామా అడిగారు, నేను ఇవ్వలేదు, రేపు డ్యూటీకి వస్తాను అని మేనేజ్‌మెంట్‌కు ఈమెయిల్ పంపాలి. మర్నాడు నిజంగానే వెళ్లాలి. గేటు దగ్గర ఆపితే గేటు దగ్గరే ఫొటో తీసుకుని, అదీ మెయిల్లో పెట్టాలి. వెళ్లకపోతే పది రోజులకు "చెప్పకుండా గైరుహాజరు" అని మెమో వస్తుంది. చాలా కేసులు చెడిపోయేది ఇక్కడే.

భయపడి సంతకం పెట్టేసినా దారి మూసుకుపోలేదు. రాజీనామాను ఆమోదించేలోపు వెనక్కి తీసుకోవచ్చు. 2024లో కొంకణ్ రైల్వే ఉద్యోగి కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి మళ్లీ గట్టిగా చెప్పింది. కాబట్టి గంటలు లెక్కపెట్టుకోవాలి. "బలవంతంగా రాయించుకున్నారు, ఉపసంహరించుకుంటున్నాను" అని రెండు లైన్లు చాలు. ముందు ఈమెయిల్, పొద్దున్నే స్పీడ్ పోస్టు. రిజిస్టర్డ్ పోస్టును తపాలా శాఖ స్పీడ్ పోస్టులో కలిపేసింది కాబట్టి కౌంటర్లో దాని కోసం వెతకొద్దు. చేరినట్టు రుజువు అడిగి తీసుకుని దాచుకోవాలి. వాట్సాప్ ఒక్కటే పంపి ఊరుకుంటే రేపు "మాకు రాలేదు" అంటారు.

ఏ గడప తొక్కాలన్నది చేసే పనిని బట్టి ఉంటుంది. ఇక్కడ చదువుకున్నవాళ్లే ఎక్కువ తప్పు చేస్తారు. టీచర్లు లేబర్ కోర్టుకు పోతారు, అక్కడ తిప్పి పంపుతారు. టీచరు చట్టం దృష్టిలో కార్మికుడు కాదని సుప్రీంకోర్టు 1988లోనే తేల్చింది. వారికి ఉన్నది 1982 నాటి రాష్ట్ర విద్యా చట్టం. దాని 79వ సెక్షన్ ప్రకారం ప్రైవేటు విద్యాసంస్థలో టీచరునైనా, బోధనేతర సిబ్బందినైనా అభియోగం తెలియజేసి, విచారణ జరిపి, జవాబు చెప్పుకునే అవకాశం ఇచ్చాకే తొలగించాలి. మైనారిటీ సంస్థలు, తమ విద్యాసంస్థలను తామే నిర్వహించుకునే హక్కు ఇచ్చే 30వ అధికరణం చూపిస్తాయి. నిర్వహించుకునే హక్కులో దుర్నిర్వహణ హక్కు లేదని సుప్రీంకోర్టు 1950ల నుంచీ చెబుతూనే ఉంది.

షాపులు, ఆసుపత్రులు, ఆఫీసుల్లో చేసేవారికి 1988 నాటి రాష్ట్ర దుకాణాలు, సంస్థల చట్టం ఉంది. ఆరు నెలలు ఎడతెగకుండా పనిచేసిన మనిషిని న్యాయమైన కారణం లేకుండా, నెల రోజుల రాతపూర్వక నోటీసో, నెల జీతమో ఇవ్వకుండా తీసేయరాదని 47వ సెక్షన్. అప్పీలు కార్మిక శాఖలో. మడికొండ ఐటీ పార్కు పిల్లలు "మా కంపెనీకి ఆ చట్టం నుంచి మినహాయింపు ఉందట కదా" అంటారు. ఆ మినహాయింపు పని వేళలు, సెలవుల వంటి సెక్షన్లకు. తీసివేతకు కూడా వర్తిస్తుందా లేదా అన్నది ఆ ఉత్తర్వు తెప్పించి చదివి తేల్చుకోవాలి. ఇక ఫ్యాక్టరీ కార్మికుడు లేబర్ ఆఫీసులో వివాదం లేవనెత్తవచ్చు. పాత చట్టంలో మూడేళ్ల గడువుండేది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో అది రెండేళ్లకు తగ్గింది. అదే రోజు అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్, మనిషి మానేసినా తీసేసినా బకాయి జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలంటుంది. "అకౌంట్స్ వాళ్లు నెలాఖరుకు చూస్తారు" అనే మాటకు ఇప్పుడు చోటు లేదు.

ఒక లోటు దాచకుండా చెప్పాలి. లైంగికత కారణంగా ప్రైవేటు ఉద్యోగంలో వివక్ష చూపరాదని పేరు పెట్టి చెప్పే చట్టం మన దేశంలో లేదు. 2018 తీర్పు నేరం అనే ముద్ర తీసేసింది, ప్రభుత్వాన్ని కట్టడి చేసింది. షాపు యజమానిని నేరుగా కట్టడి చేయలేదు. ట్రాన్స్‌జెండర్లకు మాత్రం 2019 చట్టం ఉంది. 9వ సెక్షన్ నియామకంలో, పదోన్నతిలో వివక్షను నిషేధిస్తుంది, 11వ సెక్షన్ ప్రతి సంస్థలో ఫిర్యాదుల అధికారి ఉండాలంటుంది. ఆ చట్టాన్ని కాగితాలకే పరిమితం చేశారని 2025 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు మందలించి, ఉద్యోగం పోయిన ఒక ట్రాన్స్ ఉపాధ్యాయురాలికి పరిహారం ఇప్పించింది. గే, ట్రాన్స్ రెండూ ఒకటే అనుకుని గే మగవాళ్ల చేత ఆ చట్టం కింద ఫిర్యాదు రాయిస్తున్న సలహాదారులు ఉన్నారు. అది నిలబడదు.

ఆ లోటులోనే ఒక సౌకర్యం కూడా ఉంది. దుకాణాల చట్టం 47వ సెక్షన్‌ను ఉల్లంఘించారని అప్పీలు వేసేవాడు తాను ఎవరో చెప్పుకోనక్కరలేదు. "నోటీసు లేదు, కారణం లేదు" అంటే సరిపోతుంది. కారణం ఏమిటో చెప్పాల్సింది అవతలివాడు. మతం అన్నాడా, అది న్యాయమైన కారణమెట్లా అవుతుందో అతనే నిరూపించుకోవాలి. చాలామంది అప్పీలు మొదటి పేరాలోనే తమ జీవితమంతా రాసేస్తారు. అక్కర్లేదు. చిరునామా దగ్గర ఇంటి నంబరు కూడా వద్దు. నోటీసులు ఆ చిరునామాకే వస్తాయి, కవరు నాన్న చేతిలో పడుతుంది, ఇంటి భయంతో కేసు అక్కడే ఆగిపోతుంది. న్యాయవాది ఆఫీసు చిరునామా ఇవ్వండి. ఫీజు కట్టే స్తోమత లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, ఫోను 15100. ఆడవారికి, ఎస్సీ ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు.

సాక్ష్యం గురించి ఒక మాట. స్క్రీన్‌షాట్ ప్రింటు తీసి ఫైల్లో పెడితే చాలదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ జతచేయాలి, అందులో ఫైలు హ్యాష్ విలువ, అంటే ఆ ఫైలుకు వేలిముద్ర లాంటి కోడ్, రాయాలి. కాబట్టి మెసేజ్ వచ్చిన ఫోన్ అమ్మొద్దు, ఫార్మాట్ చేయొద్దు. ఆడియో కత్తిరించి "అసలు ముక్క" మాత్రం దాచుకోవడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. కత్తిరించిన ఫైలు హ్యాష్ అసలుదానితో కలవదు.

కొన్ని చోట్ల రాజీనామాకు ముందు ఇంకో ఎత్తు వేస్తారు, హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకు రమ్మంటారు. ఉద్యోగం ఇవ్వడానికైనా, కొనసాగించడానికైనా ఆ షరతు పెట్టడం 2017 హెచ్‌ఐవీ చట్టం కింద నిషిద్ధం. ఆ ఆదేశాన్ని కూడా రాసివ్వమనండి.

మీ పాఠకుడి ఆందోళనలో న్యాయం లేదని మేము అనడం లేదు. నమ్మకం ఉన్న ఉద్యోగికీ రక్షణ ఉండాలి. తోటి ఉద్యోగి జీవితాన్ని మెచ్చుకోమని ఎవరూ బలవంతం చేయరాదు. ఇంగ్లండు నుంచి ఒకేసారి వచ్చిన కేసుల మీద యూరప్ మానవ హక్కుల కోర్టు 2013 జనవరి 15న ఇచ్చిన తీర్పు ఈ గీత ఎక్కడ గీయాలో చూపిస్తుంది. మెడలో శిలువ కనిపించేలా వేసుకోవద్దని విమాన సంస్థ ఆపిన ఉద్యోగిని గెలిచింది. స్వలింగ జంటల భాగస్వామ్యాలు నమోదు చేయనన్న రిజిస్ట్రార్ ఓడిపోయింది. మొదటిదాంట్లో ఆమె నమ్మకం ఆమె ఒంటి మీదే ఉంది. రెండోదాంట్లో కౌంటరుకు వచ్చినవాళ్ల మీద పడింది.

మన జిల్లాల నుంచి అమెరికా వెళ్లిన పిల్లల తల్లిదండ్రులకు ఒక్క వివరం. అక్కడ 15 మంది గానీ అంతకు మించి గానీ ఉద్యోగులున్న సంస్థల్లో గే అని తీసేయడం 1964 పౌర హక్కుల చట్టానికి విరుద్ధమని 2020 జూన్ 15న వారి సుప్రీంకోర్టు 6-3తో తేల్చింది. మత సంస్థలకు ఇచ్చిన మినహాయింపు మాత్రం విడిగా ఉంది. ఫిర్యాదు గడువు రాష్ట్రాన్ని బట్టి 180 లేక 300 రోజులు. హెచ్-1బీ మీద ఉన్నవారికి ఉద్యోగం పోయాక దొరికేది 60 రోజులే కాబట్టి, వీసా గొడవలో పడి ఈ గడువు మరిచిపోతారు.

చివరగా మీ పాఠకుడికి మా విన్నపం. ఆయన చేతి కింద ఉద్యోగులుంటే, తన విశ్వాసం మీద అంత నమ్మకముంటే, ఆ కారణాన్ని లెటర్‌హెడ్ మీద రాసి, స్టాంపు కొట్టి, తేదీ వేసి సంతకం పెట్టమనండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు అదే రోజు బీరువాలోంచి తీసి చేతికివ్వమనండి. మిగతాది లేబర్ ఆఫీసులో మాట్లాడుకుందాం.

ఇట్లు,
కార్మిక కేసులు చూసే ఇద్దరు న్యాయవాదులు,
హనుమకొండ