మా చీటీ మీద ఐదేళ్లు తప్పు పడ్డాయి

మా దగ్గర పాత రేసింగ్ సైకిళ్లు కొన్నవాళ్లకి, బాగుచేయించుకున్నవాళ్లకి ఒక విషయం చెప్పాలి. సైకిలు అప్పగించేటప్పుడు మోడల్, సంవత్సరం రాసిన చీటీ ఒకటి కట్టి ఇస్తాం కదా. ఈమధ్య అందులో ఒకటి తప్పని తేలింది. తప్పు పూర్తిగా నాదే.

అది ఇంగ్లండ్‌లోని వర్క్‌సాప్ ఫ్యాక్టరీలో తయారైన ర్యాలీ కంపెనీ సైకిలు. 1978 అని రాసిచ్చాను. అసలు అది 1973 నాటిది.

ఫ్రేము నంబరు బాటం బ్రాకెట్ కింద, అంటే పెడళ్ల ఇరుసు ఉండే గొట్టం అడుగున ఉంది. ఎవరో ఎప్పుడో ఆ ఫ్రేముకి మళ్లీ రంగు వేయించారు. ఆ రంగు అంకెల గాడుల్లో పేరుకుపోయింది. టార్చి వేసి చూసి 8 అని చదివాను. ఆ రోజుల ర్యాలీ నంబర్లలో మొదటి అక్షరం ఫ్యాక్టరీది, వర్క్‌సాప్ అయితే డబ్ల్యు. అక్షరాలు అయ్యాక వచ్చే మొదటి అంకె సంవత్సరంలో చివరి అంకె. 8 అంటే 1978 అనుకున్నాను. దానికి తోడు క్రాంకు (పెడలు బిగించే చెయ్యి) లోపలివైపు, దాన్ని తయారుచేసిన జపాన్ కంపెనీ షిమానో ముద్ర ‘సి ఇ’ అని కనిపించింది. షిమానో లెక్కలో ఎ అంటే 1976, సి అంటే 1978. రెండో అక్షరం నెల, ఇ అంటే మే. రెండు లెక్కలూ సరిపోయేసరికి ఇక వెతకడం ఆపేశాను. క్రాంకు ఎవరైనా మధ్యలో మార్చి ఉంటారేమో అన్న ఆలోచన రాలేదు. ఇన్నేళ్లుగా ఈ పని చేస్తున్నవాడికి అది రావాల్సిందే.

కొన్ని నెలలకి దాని యజమాని అదే సైకిలు తెచ్చి హబ్‌లకి (చక్రాల నడుమ భాగాలకి) గ్రీజు పెట్టమన్నారు. వెనక చక్రం విప్పాను. ఇరుసు చివర బిగించే లాక్‌నట్టు మీద మట్టి తుడిస్తే ‘క్యామ్ 73’ అని ఉంది. సైకిలు సామాన్లు చేసే ఇటలీ కంపెనీ కాంపగ్నోలో వాళ్లు లాక్‌నట్ల మీద అలా సంవత్సరం కొట్టేవారు. చక్రం ఒక్కటే పాతది కావచ్చు కాబట్టి అంతమాత్రాన ఏమీ తేలదు. కానీ నాకు టెన్షన్ మొదలైంది. రంగు కరిగించే ద్రావకంలో దూది ముంచి, చెక్క పుల్లతో మెల్లగా నంబరులోని రంగు తీశాను. పల్చటి కాగితం పెట్టి పెన్సిలు అడ్డంగా రుద్దితే అంకె తేలింది. ఎడమవైపు తెరుచుకునే ఉంది. అది 3. మరి 1983 కావచ్చు కదా అంటే, వర్క్‌సాప్ ఫ్యాక్టరీ 1981లోనే మూతపడింది.

ఐదేళ్లే కదా అని సరిపెట్టుకోలేను. మా చీటీని నమ్మి ఆయన ‘పేటెంట్-78’ ముద్ర ఉన్న కాంపగ్నోలో వెనక గేరు కోసం తెగ వెతికి, సంపాదించి బిగించుకున్నారు. ఆ ఖర్చు నేను ఇచ్చేశాను. ‘పేటెంట్-73’ ముద్ర ఉన్నది వెతికిపెట్టే పని కూడా నాదే.

అందుకే చీటీ మార్చాం. ఇకనుంచి ఫ్రేము సంవత్సరం ఒక గడిలో, సామాన్ల సంవత్సరాలు వేరే గడిలో రాస్తాం. ఫ్రేము నంబరు కాగితం మీద రుద్ది తీసిన ముద్రని చీటీ వెనకాల అతికిస్తాం. నంబరుతో తేలకపోతే ‘70ల మధ్య’ అనే రాస్తాం తప్ప సంవత్సరం వేయం. వెనక ఫోర్కు వెడల్పు 120 మిల్లీమీటర్లుంటే ఐదు పళ్లచక్రాల కాలం, 126 అయితే ఆరు, ఏడు, 130 అయితే ఎనిమిది. అయితే పాత స్టీలు ఫ్రేముని సాగదీసి వెడల్పు చేయడం మామూలే. సీసా బిగించే మరల రంధ్రాలూ తర్వాత పెట్టించుకోవచ్చు. అవి కాలాన్ని సూచిస్తాయి, సంవత్సరాన్ని కాదు.

మోడల్ విషయంలో స్టిక్కరుని అసలు లెక్కలోకి తీసుకోం. కొత్తగా అచ్చువేసిన స్టిక్కర్లు ఎవరైనా అతికించొచ్చు. ఫ్రాన్స్ కంపెనీ ప్యూజో వాళ్ల రేసింగ్ మోడల్ పీఎక్స్-10 అని రాసి ఉన్న సైకిలు వచ్చిందనుకోండి, ముందు సీటు పోస్టు (సీటుని మోసే కడ్డీ) తీసి, అది దిగే గొట్టం లోపల కొలుస్తాం. రెనాల్డ్స్ 531 అనే మేలురకం స్టీలు గొట్టాలతో చేసిన పీఎక్స్-10కి 26.4 మిల్లీమీటర్ల సీటు పోస్టు పడుతుంది. మామూలు స్టీలుతో చేసిన ప్యూజో వాళ్ల మరో మోడల్ యూఓ-8కి 24 మాత్రమే. పైన ఏ పేరు అతికించినా గొట్టం లోపలి కొలత మారదు.

మీ దగ్గర మా పాత చీటీ ఉంటే, అందులో సంవత్సరం ఉంటే, సైకిలు తీసుకురండి. కుదరకపోతే బాటం బ్రాకెట్ అడుగు, వెనక ఇరుసు రెండు పక్కలు, క్రాంకు లోపలివైపు ఫొటోలు పంపండి. వెలుతురు పక్కనుంచి పడేలా తీస్తే అంకెలు బాగా కనిపిస్తాయి. నంబరు మీద రంగు ఉంటే మాత్రం మీరు గీకకండి, ముఖ్యంగా ఇనుప బ్రష్షుతో. చీటీ తిరిగి రాయడానికి ఏమీ తీసుకోం. తిరగేసి చూశాక మా తప్పు వల్ల మీరు అనవసరంగా ఏదైనా సామాను కొన్నారని తేలితే, ఆ రసీదు కూడా పట్టుకురండి.