అప్‌డేట్ ఆగితే పిల్లలకు అర్థమయ్యేలా చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

మా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ల్యాబ్‌లో పాత కంప్యూటర్లు పది ఉన్నాయి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మద్దతు ముగుస్తుందని తెలిసి, ఆ దసరా సెలవుల్లో అన్నిట్లో విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేశాను. నేను భౌతికశాస్త్రం చెబుతాను, కంప్యూటర్లు చదువుకోలేదు. అయినా వేయడం తేలిగ్గానే అయిపోయింది. ఇబ్బందంతా అప్‌డేట్ల దగ్గరే.

నవంబరులో ఒక మధ్యాహ్నం అప్‌డేట్ సగంలో ఉండగా కరెంటు పోయింది. మా యూపీఎస్ బ్యాటరీలు పోయి చాలా కాలమైంది. మర్నాడు లెక్కలు నేర్పే జియోజెబ్రా ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేయబోతే తెర మీద ఇంగ్లీషులో ఒక వాక్యం కనిపించింది. పని మధ్యలో ఆగిపోయింది, ఫలానా కమాండ్ మీరే నడిపి సరిచేసుకోవాలి అని దాని అర్థం. ఎనిమిదో తరగతి అమ్మాయికి తెలుగులో చెబితే, “ఏం చేయాలో దానికి తెలుసు కదా టీచర్, అదే చేసుకోవచ్చు కదా?” అంది.

నేను ఈ ఉత్తరం రాస్తున్నది ఆ ప్రశ్న కోసమే. “నిన్న అప్‌డేట్ పూర్తి కాలేదు, ఇప్పుడు పూర్తి చేయనా?” అని అడిగి, పక్కన ఒక బటన్ పెట్టవచ్చు. భద్రత కోసం పాస్‌వర్డ్ కావాలంటే బటన్ నొక్కాక అడగవచ్చు.

ఇంకోటి. పొద్దున కంప్యూటర్ ఆన్ చేయగానే భద్రతా అప్‌డేట్లు వాటంతటవే వెనకాల మొదలవుతాయి. అదే సమయానికి మనం ఏదైనా ఇన్‌స్టాల్ చేయబోతే ‘లాక్ దొరకలేదు’ అంటుంది. ఆ లాక్ ఏమిటో, ఎవరి దగ్గరుందో పిల్లలకెలా తెలుస్తుంది? “అప్‌డేట్ నడుస్తోంది, అవగానే మీ పని మొదలవుతుంది” అంటే చాలు.

అడిగితే మారుతుందన్న నమ్మకం నాకుంది. 2021 నవంబరులో పేరున్న యూట్యూబర్ ఒకరు పాప్ ఓఎస్ అనే ఒక రకం లైనక్స్‌లో ఆటల కోసం స్టీమ్ అనే ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేయబోతే తెర మీది డెస్క్‌టాప్ మొత్తం ఊడిపోయింది. ‘అవును, నేను చెప్పినట్టే చెయ్యి’ అని టైప్ చేయమని కంప్యూటర్ అడిగితే ఆయన చేశారు. హెచ్చరిక లేకపోలేదు, కానీ బారెడు జాబితాలో కలిసిపోయింది. చదవకపోవడం ఆయన తప్పేనని వాదించినవారు ఉన్నారు. ప్రోగ్రామ్‌లను చేర్చడానికీ తీసేయడానికీ పాప్ ఓఎస్ కూడా వాడే ఏపీటీ అనే సాధనాన్ని డెబియన్ అనే మరో రకం లైనక్స్‌లో తయారుచేసేవారు మాత్రం అంత తేలిగ్గా సిస్టమ్ ఊడిపోయే ఆ దారిని మూసేశారు. 2025లో వచ్చిన ఏపీటీ 3.0 చేర్చేవాటిని ఆకుపచ్చలో, తీసేసేవాటిని ఎరుపులో చూపిస్తోంది. ఎరుపంటే ఆగి చూడాలని చిన్నపిల్లలకూ తెలుసు.

కేరళలో బడులకు కంప్యూటర్ సాయం అందించే ప్రభుత్వ సంస్థ కైట్ పాఠాలకు కావలసిన సాఫ్ట్‌వేర్ ముందే చేర్చిన లైనక్స్‌ను బడులకు ఇస్తోంది. మన రెండు రాష్ట్రాల విద్యాశాఖలూ అలా ఇవ్వాలి. అంతవరకూ ఇంజినీరింగ్ కళాశాలల విద్యార్థులు ఒక సాయం చేయవచ్చు. ఇలాంటి సందేశాలు చాలావరకు ప్రోగ్రామ్ నుంచి విడిగా, అనువదించడానికి వీలైన ఫైళ్లలో ఉంటాయి. వాటిని తెలుగు చేయడం ప్రాజెక్టు పనిగా తీసుకుంటే మా బడికి ఎంతో మేలు.

ఇప్పటిదాకా తెర మీద కనబడిన పద్నాలుగు సందేశాలను మా పిల్లలు నోటుబుక్కులో రాసిపెట్టారు. వాటికి తెలుగు మేమే రాసిస్తాం. వాటిని తయారీదారులకు ఎలా పంపాలో బడికి వచ్చి నేర్పేవారు కావాలి. శనివారం మధ్యాహ్నాలు ల్యాబ్ తెరిచే ఉంచుతాను.

– ఒక ఉపాధ్యాయిని, పల్నాడు జిల్లా