పీజీ డాక్టర్లకు మొదటి వారంలోనే డబ్బు పాఠం కావాలి

సంపాదకుల గారికి,

ఎంబీబీఎస్ ముగించి పీజీలో చేరే యువ డాక్టర్లకు మొదటి వారంలోనే డబ్బు లెక్కల మీద ఒక పూట క్లాసు పెట్టాలి. వరంగల్‌లోనే ఉన్న కాళోజీ హెల్త్ యూనివర్సిటీ తలచుకుంటే కాకతీయ మెడికల్ కాలేజీ నుంచే మొదలుపెట్టొచ్చు. బ్యాంకులో చాలాకాలం విద్యా రుణాలు చూసి రిటైరైన మనిషిగా ఈ మాట అంటున్నాను.

2025 జూన్‌లో ప్రభుత్వం స్టైపెండ్ 15 శాతం పెంచాక మొదటి ఏడాది పీజీకి నెలకు 67,032 రూపాయలయింది. అంత డబ్బు చేతికి రావడం చాలామందికి అదే మొదటిసారి. సరిగ్గా అప్పుడే ఎంబీబీఎస్ అప్పు కూడా ముందుకొస్తుంది. చదువయ్యాక మామూలుగా ఏడాది దాకా కిస్తీ ఉండదు కానీ వడ్డీ ఆగదు. 10 లక్షల మీద 10 శాతం చొప్పున ఏడాదికి లక్ష. పీజీ అయ్యేదాకా గడువు దొరికినా, వడ్డీ కట్టకపోతే మూడేళ్లకు 3 లక్షలు అదనంగా పేరుకుంటాయి. నెలకు 8,300 చిల్లర కట్టుకుంటూ పోతే అప్పు పెరగదు. పీజీ అడ్మిషన్ కాగితాలు చూపించి కిస్తీ గడువు పొడిగించమని బ్యాంకును అడగొచ్చు కూడా. ఇది తెలియక కిస్తీలు తప్పి, అప్పు ఇచ్చేముందు బ్యాంకులు చూసే సిబిల్ స్కోరు పాడుచేసుకున్న పిల్లల్ని చూశాను. రాత్రీ పగలూ డ్యూటీలో ఉండేవాళ్లకు బ్యాంకుకు వచ్చి అడిగే తీరిక ఎక్కడిది పాపం!

నాకు ఎక్కువ బాధ కలిగించేది పాలసీల సంగతి. స్టైపెండ్ పడుతోందని తెలియగానే బంధువులు, తెలిసినవాళ్లు వచ్చి ఏడాదికి లక్ష ప్రీమియం పాలసీ అంటగడతారు. మొహమాటానికి సంతకం పెట్టి, రెండేళ్లకు కట్టలేక ఆపేస్తే కట్టినదంతా తిరిగి రాదు. పాలసీ చేతికొచ్చిన 30 రోజుల్లోపు వద్దని తిరిగి ఇచ్చేయొచ్చని ఎంతమందికి తెలుసు? వాళ్లకు నిజంగా కావాల్సింది తక్కువ ప్రీమియంతో వచ్చే టర్మ్ పాలసీ, అంటే మనిషి పోతే ఇంటివాళ్లకు డబ్బిచ్చే బీమా. 7.5 లక్షలు దాటిన విద్యా రుణానికి చాలాసార్లు అమ్మానాన్నల ఇల్లో, ప్లాటో తాకట్టులో ఉంటుంది. బిడ్డకు జరగరానిది జరిగితే ఆ బరువంతా ఆ పెద్దవాళ్ల మీదే పడుతుంది.

మూడు నెలల ఖర్చు పక్కన పెట్టుకోమని కూడా చెప్పాలి, ఎందుకంటే స్టైపెండ్ ఎప్పుడు పడుతుందో నమ్మకం లేదు. గ్రీన్ చానల్ ద్వారా, అంటే ఖజానాలో బిల్లు ఆగకుండా, నెలనెలా ఇవ్వాలని జూనియర్ డాక్టర్లు 2024 జూన్‌లో సమ్మె చేయాల్సి వచ్చింది. డబ్బులు పడే తేదీ తెలియకుండా ఎంత పొదుపు తెలిసినవాళ్లయినా కిస్తీ ఎలా కడతారు? ప్రభుత్వం నెలకో తేదీ ఖాయం చేసి, ఆ తేదీకి తప్పకుండా వేయాలి.

క్లాసుకు పెద్ద ఖర్చేమీ ఉండదు. పిలిస్తే నాలాంటి రిటైర్డ్ ఉద్యోగులం పైసా తీసుకోకుండా వచ్చి చెబుతాం. చెప్పేవాళ్లు మాత్రం పాలసీలు, లోన్లు అమ్మేవాళ్లు కాకూడదు.

– ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, హనుమకొండ