వార్షిక నివేదిక 2024–25: విద్వేష ప్రసంగాలు, వివక్ష, మన న్యాయస్థానాలు

గౌరవ సభ్యులకు నమస్కారం.

గత సర్వసభ్య సమావేశం తీర్మానం మేరకు, 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు సంఘం తన శక్తిలో ఎక్కువ భాగాన్ని ఒకే పనికి కేటాయించింది. మలక్‌పేట, సైదాబాద్ పరిసరాల్లోని ముస్లిం కుటుంబాలూ, బీహార్, ఒడిశా, బెంగాల్ నుంచి పనికోసం వచ్చినవారూ తమ మతం, భాష, పుట్టిన ఊరు కారణంగా అవమానానికీ వివక్షకూ గురైనప్పుడు కోర్టులు వారికి ఎంతవరకు అక్కరకొస్తున్నాయో తెలుసుకోవడం, తెలిసినదాన్ని బస్తీల్లో చెప్పడం, ఫిర్యాదు చేయదలచినవారికి తోడు నిలవడం ఆ పని. రక్తదాన శిబిరం, పుస్తకాల పంపిణీ ఎప్పటిలాగే జరిగాయి కనుక వాటి గురించి ఇక్కడ విడిగా రాయడం లేదు.

2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి రావడంతో మా అధ్యయన సమావేశాలు అక్కడినుంచే మొదలయ్యాయి. పాత శిక్షాస్మృతిలోని 153ఎ సెక్షన్ ఇప్పుడు 196 అయింది, మత భావాలను గాయపరచడానికి సంబంధించిన 295ఎ ఇప్పుడు 299గా, వర్గాల మధ్య ద్వేషం రేపే ప్రకటనలు, వదంతులకు సంబంధించిన 505 ఇప్పుడు 353గా మారాయి. అంకెలు మారినా నేర స్వరూపం దాదాపు అదే. మతం, జాతి, జన్మస్థలం, నివాసం, భాష వంటి కారణాలతో వర్గాల మధ్య శత్రుత్వం పెంచితే 196 సెక్షన్ కింద మూడేళ్ల వరకు, ప్రార్థనా స్థలంలో ఆ పని చేస్తే ఐదేళ్ల వరకు శిక్ష పడవచ్చు. ఈ జాబితాలో జన్మస్థలం, నివాసం, భాష కూడా ఉన్నాయనీ, వలస వచ్చినవారిపై విషం చిమ్మే ప్రసంగాలకు కూడా ఇదే సెక్షన్ వర్తించగలదనీ అడ్డా కూలీలతో జరిపిన సమావేశాల్లో చెప్పినప్పుడు చాలామంది మొదటిసారి విన్నామన్నారు.

నిజానికి ఈ సమస్యను సుప్రీంకోర్టు ముందుకు పెద్ద ఎత్తున తెచ్చినది వలసదారుల సంక్షేమం కోసం పనిచేసే ప్రవాసీ భలాయీ సంఘటన్. 2014లో ఆ కేసు తీర్పులో న్యాయస్థానం, విద్వేష ప్రసంగం ఒక వర్గాన్ని సమాజం దృష్టిలో కించపరచి, తర్వాత జరిగే వెలివేతకూ, వివక్షకూ, దాడులకూ నేల సిద్ధం చేస్తుందని గుర్తించింది. అయినా కొత్త మార్గదర్శకాలు ఇవ్వడానికి నిరాకరించింది. ఉన్న చట్టాలను అమలు చేయకపోవడమే లోపమని చెప్పి, విషయాన్ని లా కమిషన్‌కు వదిలింది. 2017లో లా కమిషన్ తన 267వ నివేదికలో రెండు కొత్త సెక్షన్లను సిఫారసు చేసింది. కొత్త సంహిత వచ్చినప్పుడు కూడా అవి ప్రత్యేక సెక్షన్లుగా అందులో చేరలేదు. కోర్టు లోపాన్ని సరిగ్గానే గుర్తించిందని, పరిష్కారాన్ని మాత్రం దూరం నెట్టిందని మా అభిప్రాయం.

ఏడాదిలో మాకు ఎక్కువ సమయం పట్టినది పోలీస్ స్టేషన్ మెట్టు. 2013 నాటి లలితా కుమారి తీర్పు ప్రకారం కేసు పెట్టదగిన నేరం ఫిర్యాదులో కనిపిస్తే ఎఫ్‌ఐఆర్ నమోదు చేసి తీరాలి. షాహీన్ అబ్దుల్లా కేసులో సుప్రీంకోర్టు 2022 అక్టోబరు 21న ఢిల్లీ, ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్ పోలీసులను, 2023 ఏప్రిల్ 28న అన్ని రాష్ట్రాలనూ ఆదేశిస్తూ, విద్వేష ప్రసంగం జరిగితే ఎవరూ ఫిర్యాదు చేయకపోయినా, మాట్లాడినవారిది ఏ మతమైనా సుమోటోగా కేసు పెట్టాలనీ, జాప్యాన్ని కోర్టు ధిక్కారంగా చూస్తామనీ చెప్పింది. ఈ ఆదేశం ప్రతిని చేతిలో పెట్టుకుని వెళ్లిన ఫిర్యాదుదారుకూ, ఉత్త మాటగా చెప్పుకున్న ఫిర్యాదుదారుకూ స్టేషన్‌లో దొరికే మర్యాదలో తేడాను మేము కళ్లారా చూశాం. స్టేషన్‌లో తీసుకోకపోతే ఫిర్యాదును రాతపూర్వకంగా పై అధికారికి పంపి, అక్కడా స్పందన లేకపోతే పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక సురక్షా సంహిత 173(4), 175(3) సెక్షన్ల కింద మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. ఈ వరుసలో ఒక్క మెట్టు తప్పినా పిటిషన్ నిలవడం కష్టం.

అయితే నివేదిక కాలం ముగుస్తుండగా, 2025 మార్చి 28న, మరో ముఖ్యమైన తీర్పు వచ్చింది. రాజ్యసభ సభ్యుడు ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ ఒక కవితతో కూడిన వీడియోను పంచుకున్నందుకు గుజరాత్‌లోని జామ్‌నగర్‌లో పెట్టిన కేసును న్యాయమూర్తులు అభయ్ ఎస్. ఓకా, ఉజ్జల్ భుయాన్ కొట్టివేశారు. మాటల ప్రభావాన్ని నిబ్బరం, వివేకం గల మనిషి ప్రమాణంతో తూచాలనీ, ప్రతి విమర్శలోనూ ముప్పును చూసే బెదురు మనిషి ప్రమాణంతో తూచరాదనీ, మూడు నుంచి ఏడేళ్లలోపు శిక్ష పడే ఇలాంటి ఆరోపణల్లో ముందు 173(3) కింద ప్రాథమిక విచారణ జరపడం మంచిదనీ వారు చెప్పారు. ఈ తీర్పు విద్వేష ప్రసంగాలపై ఫిర్యాదులను కూడా ఆలస్యం చేస్తుందని కొందరు సభ్యులు కలతపడ్డారు. ఆ ఆందోళన తోసిపుచ్చదగినది కాదు. కానీ ఆ విచారణ 14 రోజుల్లో ముగియాలని చట్టమే గడువు పెట్టింది. పైగా ఈ సెక్షన్లు విచ్చలవిడిగా ప్రయోగిస్తే ముందుగా జైలుకు వెళ్లేది చాలాసార్లు మైనారిటీలే.

దీనికి మన నగరంలోనే పాత ఉదాహరణ ఉంది. బిలాల్ అహ్మద్ కాలూ అనే కశ్మీరీ యువకుడు, కశ్మీర్‌లో సైన్యం అకృత్యాలు చేస్తోందని ఇక్కడి ముస్లింలలో ప్రచారం చేశాడన్న ఆరోపణపై హైదరాబాద్ ప్రత్యేక న్యాయస్థానం ఆయనకు 153ఎ, 505(2)తో పాటు రాజద్రోహం కింద కూడా శిక్ష వేసింది. 1997లో సుప్రీంకోర్టు ఆ శిక్షలను రద్దు చేసి, ఆయుధ చట్టం కింది శిక్షను మాత్రమే నిలిపింది. కనీసం రెండు వర్గాల ప్రస్తావన లేనిదే ఈ నేరం నిలవదన్నది అప్పటి సూత్రం. నేటికీ వకీళ్లు దాన్ని ఉటంకిస్తున్నారు. అందుకే ఫిర్యాదు రాసేటప్పుడు ఏ మాట, ఏ వర్గాన్ని, ఏ వర్గానికి వ్యతిరేకంగా ఉసిగొల్పిందో విడమరచి రాయాలని మా కరపత్రంలో మొదటి అంశంగా పెట్టాం. తెలుగు, ఉర్దూ, హిందీల్లో వేసిన ఆ కరపత్రం కార్యాలయంలో దొరుకుతుంది.

కేసు పెట్టాక అది నిలవడం వేరే సంగతి. కోర్టు విచారణకు స్వీకరించాలంటే నాగరిక సురక్షా సంహిత 217 సెక్షన్ కింద ప్రభుత్వ అనుమతి కావాలి. ఫైలు అక్కడే ఆగితే ఫిర్యాదుదారు చేయగలిగింది తక్కువ. వీడియో సాక్ష్యానికి, పాత సాక్ష్య చట్టం స్థానంలో వచ్చిన సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి. వాట్సాప్‌లో తిరిగి వచ్చిన ముక్కను నమ్ముకోకుండా, తీసిన ఫోన్లోనే పూర్తి నిడివి రికార్డింగును భద్రపరచాలని ప్రతి సమావేశంలోనూ కోరాం. 2012 డిసెంబరులో నిర్మల్, నిజామాబాద్ సభల్లో హిందువులను కించపరిచారన్న ఆరోపణలపై చాంద్రాయణగుట్ట శాసనసభ్యుడి మీద నడిచిన కేసుల్లో నాంపల్లి ప్రత్యేక న్యాయస్థానం 2022 ఏప్రిల్ 13న ఆయనను నిర్దోషిగా ప్రకటించేసరికి తొమ్మిదేళ్లు దాటాయి. ప్రవక్తపై వ్యాఖ్యల కేసులో గోషామహల్ శాసనసభ్యుడిని 2022 ఆగస్టు 23న అరెస్టు చేసినప్పుడు, ముందు నోటీసు ఇవ్వలేదన్న కారణంతో అదే రోజు విడుదల చేయాల్సి వచ్చింది. తర్వాత పెట్టిన పీడీ (ముందస్తు నిర్బంధ) చట్టం నిర్బంధాన్నీ హైకోర్టు నవంబరు 9న షరతులతో రద్దు చేసింది. విచారణ లేని నిర్బంధాన్ని, అది ఎవరి మీదనైనా సరే, మన సంఘం న్యాయంగా పరిగణించదు. సరైన నోటీసు, సకాలంలో అభియోగపత్రం, బహిరంగ విచారణ, తీర్పు మాత్రమే బాధితులకు మిగిలే ఊరట.

వివక్ష విషయంలో చట్టం ఇంకా బలహీనంగా ఉంది. ‘టూలెట్’ బోర్డు చూసి వెళ్లి, పేరు చెప్పగానే ఇల్లు లేదనిపించుకున్న కుటుంబాల అనుభవాలను ఈ ఏడాది వారి అనుమతితో, పేర్లు లేకుండా నమోదు చేశాం. వీరికి నేరుగా పనికొచ్చే చట్టం ఒకటీ లేదు. దళితులు, ఆదివాసులపై సామాజిక బహిష్కారం 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. మతం, ప్రాంతం కారణంగా ఇల్లు నిరాకరించడానికి అలాంటి శిక్ష లేదు. 2005లో పార్సీల జొరాస్ట్రియన్ సొసైటీ కేసులో సుప్రీంకోర్టు ఒక మతంవారికే సభ్యత్వం పరిమితం చేసిన గృహ సహకార సంఘం నిబంధనను సమర్థించింది. కానీ 2011లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ కేసులో, మన తెలంగాణ వారైన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి రాసిన తీర్పు, మతం, కులం, జన్మస్థలం వంటి కారణాలతో దుకాణాల్లోకి ఎవరినీ రానివ్వకుండా అడ్డుకోరాదనే రాజ్యాంగం 15(2) అధికరణంలోని దుకాణాలు అన్న మాటను విశాలంగా, ప్రజలకు సేవలు అమ్మేవారందరికీ వర్తించేలా చదవాలంది. 1948లో రాజ్యాంగ సభలో అంబేడ్కర్ కూడా ఆ మాటకు విశాలార్థమే చెప్పారు. ఈ వ్యాఖ్యానాన్ని వ్యాపారంగా నడిచే అద్దె ఇళ్లకూ, హాస్టళ్లకూ తీసుకువెళ్లాలన్నది మన వాదన. పరదేశులకు కూడా ప్రాణరక్షణ విషయంలో ఒక ఆధారం ఉంది. 1996లో అరుణాచల్ ప్రదేశ్‌లో తలదాచుకున్న చక్మా శరణార్థుల కేసులో, పౌరులైనా కాకపోయినా ప్రతి మనిషి ప్రాణాన్నీ కాపాడటం ప్రభుత్వ బాధ్యత అనీ, ఏ గుంపూ వారిని వెళ్లగొడతామని బెదిరించరాదనీ సుప్రీంకోర్టు చెప్పింది. మయన్మార్ నుంచి వచ్చి బాలాపూర్‌లో తలదాచుకున్న రోహింగ్యాలను వెనక్కి పంపడాన్ని ఈ తీర్పు ఆపలేకపోవచ్చు. 2021లో జమ్మూలోని రోహింగ్యాల పిటిషన్‌పై కోర్టు అలాంటి రక్షణ ఇవ్వలేదు. అయినా వారిపై గుంపు దాడి జరిగితే పోలీసులు చూస్తూ ఊరుకోవడం రాజ్యాంగ విరుద్ధమే.

ఒక సమావేశంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒకరు, ఇది తమకు సంబంధించిన విషయమా అని అడిగారు. 2017 ఫిబ్రవరి 22న అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం ఓలేథ్‌లో మన హైదరాబాద్ ఇంజినీరును, ఆయన మిత్రుడినీ ఇరాన్ వారనుకుని, తన దేశం వదిలి పొమ్మని అరిచి కాల్చినవాడి సంగతిని వారికి గుర్తుచేశాం. ఇంజినీరు చనిపోయాడు. అక్కడి ఫెడరల్ కోర్టు 2018లో దాన్ని మామూలు హత్యగా వదిలేయకుండా, జాతి, మతం, జన్మదేశం కారణంగా జరిగిన విద్వేష నేరంగా పరిగణించి జీవితఖైదు విధించింది. ఆ తీర్పు వచ్చినప్పుడు మన నగరమంతా దాన్ని న్యాయంగానే భావించింది. పని వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చిన కూలీకి కూడా అదే న్యాయం అందాలని కోరుతున్నాం.

వచ్చే ఏడాదికి కార్యవర్గం మూడు ప్రతిపాదనలను సభ్యుల ఆమోదానికి ఉంచుతోంది. అద్దె ఇళ్లలో, ఉపాధిలో మత, ప్రాంత వివక్షను నిషేధించే చట్టం కోసం రాష్ట్ర ప్రభుత్వానికి వినతిపత్రం సమర్పించడం మొదటిది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచిత న్యాయ సహాయానికి అర్హులైన మహిళలు, కార్మికులు, అల్పాదాయ కుటుంబాల దరఖాస్తులను నింపిపెట్టే స్వచ్ఛంద బృందం ఏర్పాటు రెండోది. సంఘం సాయంతో మేజిస్ట్రేటు వరకు వెళ్లిన ఫిర్యాదులకు వాయిదాల రోజున ఒక సభ్యుడు తప్పనిసరిగా ఫిర్యాదుదారుతో నాంపల్లి కోర్టుకు వెళ్లాలన్నది మూడోది. ఇందుకు సమయం ఇవ్వగలిగిన సభ్యులు తమ పేర్లను కార్యదర్శి వద్ద నమోదు చేయించుకోవాలని మనవి.