జేఎన్‌టీయూ దాటితే మియాపూరే

బిడ్డా,

రాత్రి సూట్‌కేసు సర్దుకుంటూ నువ్వన్న మాట నన్ను నిద్రపోనివ్వలేదు. "నాకు పద్దెనిమిది నిండినయి కదమ్మా, ఇక డాడీ దగ్గర ఒక్క రూపాయి తీసుకోను, లోన్ పెట్టుకుంటా" అన్నావు. నా మీద ప్రేమతోనే అన్నావని తెలుసు. ఎదురుగా కూర్చుని జవాబు చెబుదామంటే నాకు ఏడుపొస్తుంది, నాకు ఏడుపొస్తే నువ్వు మాట మార్చేస్తావు. అందుకే రాసి నీ బట్టల మధ్య పెడుతున్నా.

ముందు నా తప్పు చెప్పుకోవాలి. లాక్‌డౌన్ ఏడాది నువ్వు ఎనిమిదో తరగతి. అప్పటికే వేరుగా ఉంటున్న డాడీ ఐదు నెలలు పైసలు పంపలేదు. స్కూలు వాళ్లు ఫీజు కడితేనే ఆన్‌లైన్ క్లాసు అన్నారు. ఫోన్ నీ చేతిలో పెట్టి "నువ్వే అడుగు, నువ్వడిగితే కాదనరు" అన్నాను. నువ్వు బాల్కనీలోకి పోయి, గోడ వైపు తిరిగి, చాలా మెల్లగా మాట్లాడావు. లోపలికొచ్చి "వచ్చే నెల ఇస్తారంట" అని చెప్పి పుస్తకం తెరిచావు. అది నేను అడగాల్సిన మాట. ఆ తర్వాత కూడా కిరాయి పెరిగినప్పుడు, కోచింగ్ ఫీజప్పుడు, ప్రతిసారీ నిన్నే మధ్యలో నిలబెట్టాను. ఆయన మీద కోపం నీ ముందే వెళ్లగక్కాను. నన్ను క్షమించు తల్లీ. ఈరోజు నువ్వు డాడీ పైసలు వద్దంటున్నావంటే, ఆ విత్తనం వేసింది నేనే.

నీకు జేఎన్‌టీయూలో సీటొచ్చిన వారం నేనూ డాడీ అమీర్‌పేటలో కలిశాం. నీకు చెప్పలేదు. మెట్రో వచ్చిన కొత్తలో రెండో శనివారాలు నిన్ను అప్పజెప్పుకునే చోటు కదా, ఇద్దరికీ సగం దూరం. అక్కడే ఒక ఇరానీ హోటల్లో కూర్చున్నాం. ఆయన బ్యాగులోంచి పోస్టాఫీసు పాస్‌బుక్ తీసి నా ముందు పెట్టారు. ఆడపిల్లల పేరు మీద పొదుపు చేసే సుకన్య సమృద్ధి పథకంలో నీ ఖాతాది. 2015లో, ఆ పథకం మొదలైన ఏడాదే, నువ్వు రెండో తరగతిలో ఉండగా తెరిచాం. గార్డియన్‌గా ఆయన పేరుంది కాబట్టి విడిపోయినప్పుడు పుస్తకం ఆయన దగ్గరే ఉండిపోయింది. ఎప్పుడో ఆపేసి ఉంటారనుకున్నా.

కోఠిలో మందుల హోల్‌సేల్ షాపులో ఇన్నేళ్లుగా లెక్కలు రాస్తున్నదాన్ని, పుస్తకం చేతికొస్తే ముందు తేదీలు చూస్తాను. ఒక్క ఏడాది కూడా తప్పలేదు. కొన్నేళ్లు నెలనెలా రెండు వేలు, కొన్నేళ్లు ఒకేసారి పది, పన్నెండు వేలు. 2020–21 దగ్గర ఒకే ఒక్క జమ ఉంది. 250 రూపాయలు. ఏడాదికి కనీసం అంత వేస్తేనే ఖాతా నడుస్తుంది. ఉద్యోగం పోయి, ఇంటి కిరాయికే అప్పు చేసిన ఏడాదట అది. నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. నువ్వు బాల్కనీలో నిలబడి ఫోన్ చేసిన నెలే ఆ ముద్ర పడింది బిడ్డా. ఐదు నెలలు పంపకపోవడం ఒప్పని నేననను. ఆ నెలల్లో నా గాజులు కుదవ పెట్టాను. కానీ ఆ 250 కూడా నిజమే. ఇన్నేళ్లూ నీకు ఒక్కటే చెప్పాను కాబట్టి రెండోదీ చెప్పాల్సిన బాధ్యత నాది.

పద్దెనిమిది నిండితే తండ్రి బాధ్యత తీరిపోతుందని నువ్వు ఎక్కడో చదివి ఉంటావు. పురానీ హవేలీలో ఫ్యామిలీ కోర్టు చుట్టూ తిరిగిన రోజుల్లో మా వకీలమ్మ నాకు విడమరిచి చెప్పింది. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం తండ్రినీ తల్లినీ ఇద్దరినీ బాధ్యులను చేస్తుంది. పెళ్లికాని కూతురు తన కాళ్ల మీద తాను నిలబడలేనంత వరకు ఆ బాధ్యత పద్దెనిమిదితో ఆగదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ముందుకు నీలాంటి పిల్ల సంగతే వచ్చింది. తల్లిదండ్రులు ఇరవై ఆరేళ్లుగా వేరుగా ఉంటున్నారు, కూతురు ఐర్లండ్‌లో చదువుతోంది. తండ్రి చదువుకిచ్చిన 43 లక్షలు తీసుకోవడానికి ఆత్మగౌరవం అడ్డొచ్చి వెనక్కి తీసుకోమంది. ఆయన తీసుకోనన్నాడు. అది కూతురి హక్కు, తిరిగివ్వాల్సిన పనిలేదని కోర్టు చెప్పింది. మనం ఏ కోర్టుకూ పోవట్లేదు. డాడీ తనంతట తానే ఫోన్ చేశారు. అయినా నీ మనసులో "దయ" అనే మాట ఉంటే పోవాలని చెబుతున్నా.

లోన్ సంగతి. ఏడున్నర లక్షల దాకా తాకట్టు లేకుండానే ఇస్తారు, నిజమే. కానీ నీ ఒక్కదాని సంతకంతో అవదు, తల్లో తండ్రో పక్కన సంతకం పెట్టాలి. చదువు అయ్యాక ఏడాది దాకా కిస్తీ ఉండదు గానీ వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచే పెరుగుతుంది. రేపు ఎంటెక్‌కి అవసరమైతే నేనే నీతో బ్యాంకుకొస్తా. పంతం కోసం మాత్రం అప్పు చేయొద్దు.

మేం అనుకున్నది ఇది. ట్యూషన్ ఫీజు నాలుగేళ్లూ డాడీ నేరుగా కాలేజీకి కడతారు. హాస్టల్, మెస్ బిల్లు, ల్యాప్‌టాప్ నావి. నీ చేతి ఖర్చుకి ఒకటో తారీఖున ఇద్దరం చెరి పదిహేను వందలు నీ ఖాతాలో వేస్తాం. ఆయన జీతం నాకంటే ఎక్కువ కాబట్టి మొత్తం మీద ఆయన వాటా ఎక్కువ, ఆ మాట ఆయనే అన్నారు. ఎవరికైనా కష్టమొస్తే మేమిద్దరం ఫోన్ చేసుకుంటాం. ఇదంతా కాగితం మీద రాసి ఇద్దరం సంతకాలు పెట్టాం. నీ సంతకం అడగలేదు. ఆ కాగితంలో నీకు పనేమీ లేదు.

ఇంకొకటి, ఇది పైసల కంటే పెద్దది. "హాస్టల్ ఎందుకు, మా ఇంట్లో ఉండొచ్చు కదా, నానమ్మ కూడా ఉంది" అని డాడీ అడిగారని నీ ఫోన్లో మెసేజ్ చూశా. నువ్వు వెంటనే వద్దన్నావు. ల్యాబ్ రికార్డులు, స్నేహితులు, నీకంటూ ఒక గది, వీటి కోసమైతే హాస్టల్‌లోనే ఉండు, నాకూ అదే ఇష్టం. నేను బాధపడతానని అయితే మాత్రం వద్దు. జేఎన్‌టీయూ కాలేజీ మెట్రో స్టేషన్ తర్వాత డాడీ వాళ్ల మియాపూరే. ఒక్క స్టేషన్. ఇక్కడ దిల్‌సుఖ్‌నగర్ నుంచైతే దాదాపు గంట. జ్వరమొస్తే ముందు దగ్గరున్న ఇంటికి పో, తర్వాత నాకు ఫోన్ చెయ్యి. ఆదివారం నానమ్మ చేతి పచ్చిపులుసు తిన్నానని నాకు దాచకుండా చెప్పు. మొదట్లో నా గొంతు కాస్త మారితే పట్టించుకోకు, అలవాటు పడతాను.

సోమవారం పది గంటలకు మన పోస్టాఫీసు దగ్గర డాడీ ఉంటారు. పద్దెనిమిది నిండాయి కాబట్టి ఆ ఖాతా ఇక నీ చేతికొస్తుంది, సంతకం నీదే కావాలి. చదువు కోసం మార్చి ఆఖరుకున్న నిల్వలో సగం దాకా తీసుకోవచ్చు, అదీ కాలేజీ అడిగినంత మేరకే. ఆధార్, పాన్ కార్డు, అలాట్‌మెంట్ లెటర్, ఫీజు కాగితం నీలం ఫైల్లో పెట్టాను. షాపుకి సెలవు చెప్పాను, నేనూ వస్తున్నా.

అమ్మ